గోధుమలు, పర్మిట్ చీటీలు: మానిటోబా డకోటాల నేల మీద

బుధవారం, విన్నిపెగ్

విన్నిపెగ్ నడిబొడ్డున, మెయిన్ స్ట్రీట్ పక్కన, ఎత్తయిన భవనాల నీడలో ఒక పాత రాతి ద్వారం ఉంది. హడ్సన్ బే కంపెనీ కట్టుకున్న అప్పర్ ఫోర్ట్ గారీ కోటలో నిలిచి ఉన్నది అదొక్కటే. ఊరు చూడడానికి వచ్చినవాళ్ళు ఇక్కడ తిరుగుబాటు నాయకుడు లూయీ రియెల్ కథ చెప్పుకుని, ఫొటోలు తీసుకుని వెళ్ళిపోతారు. డకోటాలనే ఆదివాసీ ప్రజల కథ తెలిసినవాళ్ళకు ఇది మరో విధంగా ముఖ్యమైన చోటు. 1863 మే నెలలో వాళ్ళ నాయకుడు తావోయతెదూత, అమెరికన్లు లిటిల్ క్రో అని పిలిచిన మనిషి, తన వాళ్ళతో కలిసి ఈ కోటకు వచ్చాడు.

వేసవికి తెనాలి నుంచి వచ్చిన నాన్నకు ఇక్కడి పొలాలు చూడాలని ఉంది. నాకు డకోటాల ఊరు సూ వ్యాలీ చూడాలని ఎప్పటి నుంచో ఉంది. రెండూ ఒకే దారిలో ఉన్నాయి కాబట్టి కారు తీశాం. బయలుదేరే ముందు ద్వారం దగ్గర బల్ల మీద కూర్చుని నాన్నకు ఆ ఏడాది సంగతి చెప్పాను.

డకోటాల సొంత ప్రాంతంలో పెద్ద భాగం ఇప్పుడు అమెరికాలోని మిన్నెసోటా. అక్కడ ఒప్పందాల పేరుతో భూమి తీసుకున్న ప్రభుత్వం, ఏటా ఇస్తానన్న సొమ్మును 1862 వేసవిలో సకాలంలో ఇవ్వలేదు. గిడ్డంగుల్లో తిండి ఉంది, డకోటాలకు మాత్రం అప్పు పుట్టలేదు. ఆకలి యుద్ధమైంది. యుద్ధం ముగిశాక 303 మందికి మరణశిక్ష వేశారు. అధ్యక్షుడు లింకన్ ఆ జాబితాను కుదించాడు. చివరికి 1862 డిసెంబరు 26న మాంకేటో ఊళ్ళో 38 మందిని ఒకేసారి ఉరి తీశారు. అమెరికా చరిత్రలో ఒకే రోజు ఇంతమందికి ఉరి వేయడం మళ్ళీ జరగలేదు. మరుసటి ఏడాది అమెరికా కాంగ్రెస్ ఒప్పందాలను రద్దు చేసి, డకోటాలను మిన్నెసోటా నుంచే వెళ్ళగొట్టింది.

ఉత్తరానికి వచ్చినవాళ్ళు తమ వెంట మూడవ జార్జి రాజు బొమ్మ ఉన్న పతకాలు తెచ్చుకున్నారు. 1812 యుద్ధంలో డకోటాలు బ్రిటిష్ వాళ్ళ పక్షాన పోరాడారు. మీకు కష్టం వస్తే మేమున్నామని అప్పట్లో తమ తాతలకు మాట ఇచ్చారని, ఆ పతకాలే సాక్ష్యమని హడ్సన్ బే కంపెనీ గవర్నర్ డాలస్ ముందు పెట్టారు.

"అయితే వాళ్ళు ఆశ్రయం అడగడానికి రాలేదమ్మా, బాకీ అడగడానికి వచ్చారు" అన్నారు నాన్న.

ఆ మాట ఈ ప్రయాణమంతా నాతోనే ఉంది. కెనడా ప్రభుత్వం నూట యాభై ఏళ్ళకు పైగా డకోటాలను అమెరికా నుంచి వచ్చిన శరణార్థులుగానే లెక్కగట్టింది. 49వ అక్షాంశం మీద సరిహద్దు గీయాలని బ్రిటన్, అమెరికా ఒప్పుకున్నది 1818లో. ఆ గీతకు రెండు వైపులా తాము అంతకు ముందు నుంచీ వేటాడామని, వర్తకం చేశామని, చనిపోయినవాళ్ళను పాతిపెట్టామని డకోటాలు చెబుతూనే వచ్చారు. వినే చెవి లేకపోయింది.

డాలస్ కొంత తిండి ఇచ్చాడు, తుపాకి మందు ఇవ్వనన్నాడు. లిటిల్ క్రో దక్షిణానికి తిరిగి వెళ్ళి, జూలైలో కొడుకుతో కలిసి అడవిలో పళ్ళు కోస్తుండగా తూటాకు చనిపోయాడు. 1864 జనవరిలో షాకోపీ, మెడిసిన్ బాటిల్ అనే ఇద్దరు నాయకులకు ఈ ప్రాంతంలోనే మత్తు ఇచ్చి, కట్టేసి, కుక్కలు లాగే బండ్ల మీద సరిహద్దు దాటించారు. 1865 నవంబరులో ఫోర్ట్ స్నెల్లింగ్‌లో వాళ్ళను ఉరి తీశారు. బ్రిటిష్ గడ్డ మీదికి వచ్చిన మనుషులను రాత్రికి రాత్రి ఎత్తుకుపోతే అడిగినవాడు లేడు. ఇది చెబుతున్నప్పుడు నా గొంతులో కోపం నాకే వినిపించింది.

గురువారం, పోర్టేజ్ లా ప్రేరీ మీదుగా బ్రాండన్

ఒకటో నంబరు హైవే పడమరకు తిన్నగా సాగిపోతుంది. జూలై కాబట్టి ఎటు చూసినా కనోలా అనే నూనెగింజల పైరు పూత, దాని పక్కన ఇంకా పచ్చగా ఉన్న గోధుమ. నాన్న కిటికీ అద్దం దించి గట్లు ఎక్కడున్నాయో వెతుక్కున్నారు. కనిపించలేదు.

పోర్టేజ్ దగ్గర స్థిరపడిన డకోటాలు తెల్ల రైతుల దగ్గర కోతలు కోసి, కట్టెలు కొట్టి బతికారు. ఆ కూలి డబ్బు కూడబెట్టి 1893లో తమ ఊరి స్థలం తామే కొనుక్కున్నారు. అటూ ఇటూ జాతులకు ఒప్పందాల కింద భూమి రాసిస్తున్న కాలంలో, వీళ్ళు నివాస స్థలాన్ని ఖరీదుకు కొనుక్కోవలసి వచ్చింది. ఊళ్ళో ఉన్న పాత రెసిడెన్షియల్ స్కూలు భవనం ఇప్పుడు లాంగ్ ప్లెయిన్ అనే ఆదివాసీ జాతి చేతిలో ఉంది. వాళ్ళు దానిని మ్యూజియంగా నడుపుతున్నారు.

సాయంత్రానికి బ్రాండన్ చేరాం. ఇక్కడా అలాంటి బడి ఉండేది. 1895లో మెథడిస్టులు తెరిచారు, 1972లో మూతపడింది. డకోటా, క్రీ, అనిషినాబే పిల్లలను ఇళ్ళ నుంచి తెచ్చి ఉంచిన చోటు. వెళ్ళిన పిల్లలందరూ తిరిగి రాలేదు. ఆ సమాధుల కోసం వెతికే పని సూ వ్యాలీ డకోటా జాతి తన చేతుల్లోకి తీసుకుంది. విశ్వవిద్యాలయ పరిశోధకులతో కలిసి మూడు శ్మశానాల్లో 104 సమాధుల జాడలు గుర్తించారు. వాటిలో 78 మాత్రమే ఖనన రికార్డులతో సరిపోలాయి. ఆ శ్మశానాల్లో ఒకటి అసినిబోయిన్ నది ఒడ్డున, తర్వాతి కాలంలో క్యాంప్‌గ్రౌండ్‌గా మారిన నేలలో ఉంది. జనం గుడారాలు వేసుకుని, మాంసం కాల్చుకుని సెలవులు గడిపిన చోటు అది. నాన్న చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "పేరు తెలియని పిల్లకు తద్దినం ఎవరు పెడతారు" అని మాత్రం అన్నారు.

శుక్రవారం, గ్రిస్‌వోల్డ్, సూ వ్యాలీ

బ్రాండన్ నుంచి పడమరకు అరగంట ప్రయాణంలో గ్రిస్‌వోల్డ్ అనే చిన్న ఊరు వస్తుంది. అక్కడి నుంచి ఉత్తరానికి తిరిగితే సూ వ్యాలీ. అసినిబోయిన్ నది లోయలోకి రోడ్డు దిగుతుంటే ఒక్కసారిగా చెట్లు, పల్లం, నీటి వంపు కనిపిస్తాయి. అంతవరకు బల్లపరుపుగా ఉన్న నేల మీద ప్రయాణం చేసినవాళ్ళకు ఈ లోయ గొప్ప ఊరట. ఓక్ రివర్ ఇక్కడికి దగ్గరలోనే అసినిబోయిన్‌లో కలుస్తుంది. అందుకే 1875లో ఏర్పడినప్పుడు దీనిని ఓక్ రివర్ రిజర్వు అన్నారు. రిజర్వు అంటే ఆదివాసీలు ఉండడానికి ప్రభుత్వం కేటాయించిన నేల.

ముందు కార్యాలయానికి వెళ్ళి, ఎక్కడ తిరగవచ్చో, ఎక్కడ తిరగకూడదో అడిగాం. ఊరి రోడ్లు చూసుకోండి, రేపు పౌవౌ అనే నృత్య వేడుకకు రండి, ఇళ్ళ ఫొటోలు తీయకండి అన్నారు. న్యాయమైన మాట.

ఇక నేల లెక్క. 1871లో ఈ ప్రాంతం మీద కుదిరిన రెండో ఒప్పందం ప్రకారం, అనిషినాబే వాళ్ళకు ఐదుగురున్న కుటుంబానికి 160 ఎకరాలు. 1874 నాటి నాలుగో ఒప్పందంలో అదే కుటుంబానికి ఒక చదరపు మైలు, అంటే 640 ఎకరాలు. ఐరోపా నుంచి ఓడ దిగిన వలసదారు పది డాలర్లు రుసుము కట్టి, మూడేళ్ళు సాగు చేస్తే 160 ఎకరాలు అతని సొంతం. డకోటాలతో ఒప్పందమే చేసుకోలేదు. దయతలచి ఇస్తున్నామంటూ ఐదుగురి కుటుంబానికి 80 ఎకరాల లెక్కన కేటాయించారు. మీరు ఇక్కడివాళ్ళు కారు అన్న ఒక్క మాటతో నేల సగానికి, కొన్నిచోట్ల ఎనిమిదో వంతుకు తగ్గిపోయింది.

నాన్న వెంటనే అడిగారు, "ఆ 80 ఎకరాలకైనా పట్టా ఇచ్చారా?"

లేదు. రిజర్వు నేల రాచరికం పేరున, అంటే ప్రభుత్వం పేరున ఉంటుంది. అందులో ఉండేవాళ్ళు అనుభవిస్తారు, అంతే. తాకట్టు పెట్టడానికి వీల్లేదు, కాబట్టి బ్యాంకు అప్పు పుట్టదు. నాన్నకు అది వివరించనవసరం లేకపోయింది. "అడంగల్‌లో పట్టాదారు కాలమ్ వేరు, అనుభవదారు కాలమ్ వేరు. వీళ్ళందరినీ రెండో కాలమ్‌లో రాసేశారు" అన్నారు. తరతరాలుగా దున్నుతున్నా మొదటి కాలమ్‌లోకి ఎక్కని కుటుంబాలను చూసిన మనిషి ఆయన.

ఇంత తక్కువ నేలలోనూ ఓక్ రివర్ డకోటాలు మంచి రైతులయ్యారు. ఈ సంగతి తెలుసుకున్నప్పటి నుంచే నాకు ఈ ఊరి మీద ప్రేమ కలిగింది. మిన్నెసోటాలోనే వాళ్ళకు మొక్కజొన్న సాగు తెలుసు. ఇక్కడ గోధుమ వేశారు, గిట్టుబాటు చూశారు. 1890 ప్రాంతాలకు పైరు కోసి, కట్టలు కట్టి పడేసే బైండర్ యంత్రాలను తమ డబ్బుతో, వాయిదాల మీద కొనుక్కున్నారు. గింజలను బండ్ల మీద గ్రిస్‌వోల్డ్‌కు తోలి తామే బేరమాడి అమ్ముకున్నారు. ప్రేరీ మైదానాల్లో కొత్తగా దిగిన ఏ రైతు అయినా చేసింది అదే.

అక్కడే అడ్డం పడింది. హేటర్ రీడ్ అప్పుడు వాయవ్య ప్రాంతాలకు ఇండియన్ కమిషనర్, అంటే ఆదివాసీల వ్యవహారాలు చూసే అధికారి; ఇక్కడి ప్రభుత్వ కాగితాల్లో ఇండియన్ అంటే ఆదివాసీ. ఆయన సిద్ధాంతం ప్రకారం ఆదివాసీ ఒక్కసారిగా యంత్రాల వ్యవసాయంలోకి దూకకూడదు. ముందు కొడవలి, పార పట్టుకుని చిన్నకారు రైతుగా మెట్టు మెట్టుగా ఎక్కాలి. ఒక ఎకరం గోధుమ, కొంచెం దుంపలు, ఒకటి రెండు ఆవులు చాలు. పక్క పొలంలో వలస రైతు బైండర్ నడుపుతుంటే, డకోటా రైతు చేతికి కొడవలి ఇవ్వాలన్నారు. దీనికి తోడు పర్మిట్ చట్టం. 1881 నుంచి ప్రేరీ రిజర్వుల్లో పండిన ధాన్యం అమ్మాలంటే ప్రభుత్వ ఏజెంటు చీటీ రాసివ్వాలి. చీటీ లేకుండా కొన్న వ్యాపారికి జరిమానా. బర్టిల్‌లోని ఏజెంటు మార్కిల్ ఓక్ రివర్ రైతుల మీద ఆ చట్టాన్ని గట్టిగా అమలు చేయబోయాడు.

వాళ్ళు ఊరుకోలేదు. తాము ఒప్పందం చేసుకున్నవాళ్ళం కామని, ప్రభుత్వం దగ్గర ఏటా సొమ్ము పుచ్చుకోవడం లేదని, అలాంటప్పుడు తమ గింజ మీద ఏజెంటుకు అధికారం ఎక్కడిదని అడిగారు. హారీ హోటనీనా అనే రైతు ముందు నిలిచి 1893లో పైవాళ్ళకు ఫిర్యాదులు పంపాడు. ఒట్టావాలోని కెనడా ప్రభుత్వం విచారణ జరిపించింది, తన అధికారులనే సమర్థించుకుంది. హోటనీనాను గొడవలు పెట్టేవాడని రాసుకున్నారు. తాను పండించింది తాను అమ్ముకుంటానన్న రైతుకు పెట్టిన పేరు అది.

గ్రిస్‌వోల్డ్ వైపు తిరిగి వస్తూ కారు ఆపి, బండ్లు వెళ్ళిన దారి ఎటు ఉండి ఉంటుందా అని చూశాం. నాన్న గోధుమ కంకి ఒకటి అరచేతిలో నలిపి, ఇంకా పాలు పోసుకుంటున్న గింజలను చూపించారు. "చీటీ వచ్చేలోపు ధర పడిపోతుంది కదమ్మా. అప్పు వాయిదా మాత్రం ఆగదు" అన్నారు. చరిత్ర పుస్తకాల్లో విధానం, పరిపాలన అని రాసిన దాన్ని ఆయన వాయిదాల లెక్కలోకి మార్చారు. డకోటా రైతులు వెనకబడ్డారని తర్వాతి తరం అధికారులు రాశారు. ముందున్నవాళ్ళను పట్టుకుని వెనక్కి లాగారని రాయాలి. పర్మిట్ నిబంధన అమలు తప్పిపోయినా ఇండియన్ చట్టంలో అక్షరాలా అలాగే ఉండిపోయింది. దాన్ని పూర్తిగా కొట్టేసింది 2014 డిసెంబరులో.

శనివారం, సూ వ్యాలీలోనే

పౌవౌను వీళ్ళు వచీపీ అంటారు. మధ్యలో గుండ్రటి మైదానం, చుట్టూ నీడ పందిరి, పందిరి కింద డోలు బృందాలు. మొదట గద్ద ఈకల దండం పట్టుకుని పెద్దలు, జెండాలతో మాజీ సైనికులు వచ్చారు. అందరం లేచి నిలబడ్డాం. కెనడా జెండా, అమెరికా జెండా రెండూ ఉన్నాయి. బంధువులు సరిహద్దుకు రెండు వైపులా ఉన్నవాళ్ళకు రెండూ ఉండడంలో వింత లేదు. డోలు మొదలైతే పాదాల కింద నేల కూడా ఆ దెబ్బకు పలుకుతుంది. జింగిల్ దుస్తుల అమ్మాయిలు, గడ్డి నృత్యం చేసే కుర్రాళ్ళు, తల్లి చేయి పట్టుకుని అడుగులు నేర్చుకుంటున్న మూడేళ్ళ పిల్ల. ఈ నృత్యాలను, ఈ వేడుకలను కూడా ఒకప్పుడు చట్టం నిషేధించింది. ఆ నిషేధం తొలగింది 1951లో.

మా పక్కన కూర్చున్న ఒక పెద్దావిడ వేయించిన రొట్టె ముక్క తుంచి నాన్నకు ఇచ్చింది. ఏ ఊరు, ఏం చేస్తారు అని అడిగింది. రైతునని చెప్పాను. ఆవిడ ముఖం విప్పారింది. వాళ్ళ తాత కూడా రైతేనట. ఆవును అమ్మాలన్నా ఏజెంటు దగ్గర చీటీ తీసుకోవాల్సి వచ్చేదని చెప్పింది. నేను తెలుగులో చెప్పగానే నాన్న, "ఆవు ఎవరిది?" అని అడిగారు. ఆవిడ నవ్వి, "మా తాత కూడా అదే అడిగేవాడు" అంది.

తర్వాత మాటలు స్వపరిపాలన మీదికి మళ్ళాయి. కెనడా, మానిటోబా ప్రభుత్వాలతో సూ వ్యాలీ 2013 ఆగస్టులో ఒప్పందం మీద సంతకం చేసింది. 2014 జూలై 1 నుంచి అది అమల్లోకి వచ్చింది. ప్రేరీ రాష్ట్రాల్లో స్వపరిపాలన సాధించిన తొలి ఆదివాసీ జాతి ఇదే. నేల, చదువు, ఊరి పాలన లాంటి విషయాల్లో సొంత చట్టాలు చేసుకునే వీలు కలిగింది. ఇరవై ఏళ్ళకు పైగా సాగిన చర్చల తర్వాత వచ్చిన ఫలితమిది. అయితే అది పాలనకు సంబంధించిన కాగితం. మీరు ఈ నేలకు చెందినవాళ్ళే అన్న మాట ఇంకా మిగిలే ఉంది.

ఆ మాట 2024 జూలై 15న వచ్చింది. సస్కచవాన్‌లోని వైట్‌క్యాప్ డకోటాల ఊళ్ళో, మంత్రి గ్యారీ ఆనందసంగరీ కెనడా తరఫున తొమ్మిది డకోటా, లకోటా జాతులకు క్షమాపణ చెప్పారు. కెనడా రాజ్యాంగంలోని 35వ సెక్షన్ ప్రకారం వాళ్ళు కెనడా ఆదివాసీ ప్రజలేనని ఒప్పుకున్నారు. ఆ మంత్రి శ్రీలంక తమిళ కుటుంబం నుంచి వచ్చినవారు. నాకది గుర్తుండిపోయింది. నాలాంటి వలసదారు ఇక్కడ ప్రమాణం చేసి కొన్నేళ్ళలో పౌరుడవుతాడు. ఈ లోయలో పుట్టి, ఈ లోయలోనే చనిపోయిన ఐదు తరాలవాళ్ళు మాత్రం ప్రభుత్వ కాగితాల్లో పరాయివాళ్ళుగా మిగిలిపోయారు.

ఆదివారం, బర్డ్‌టెయిల్, చనూపవక్ప

ఉదయం వాయవ్యానికి వెళ్ళి, బ్యూలా దగ్గర బర్డ్‌టెయిల్ రిజర్వు చూశాం. ఇది కూడా 1875 నాటిదే. ఇక్కడి వాగు అసినిబోయిన్‌లో కలిసే మలుపు అందమైనది. వాన పట్టుకోవడంతో ఎక్కువసేపు ఆగలేదు.

మధ్యాహ్నం 83వ నంబరు రోడ్డు మీద దక్షిణానికి వచ్చి, పైప్‌స్టోన్ దగ్గర చనూపవక్ప చేరాం. 1877లో ఏర్పడిన ఊరు, పాత కాగితాల్లో ఓక్ లేక్ రిజర్వు. చిన్న ఊరు, శుభ్రమైన గాలి, చుట్టూ చమురు బావుల పంపులు తల ఊపుతున్న పొలాలు. మేం వచ్చింది ఇక్కడి నుంచి మర్నాడు చూడబోయే కొండ కోసం. ఆ కొండ కింద నుంచి తరిమిన కుటుంబాలు కొన్ని ఈ ఊరికే వచ్చి చేరాయి.

సోమవారం, టర్టిల్ మౌంటెన్

డెలరెయిన్ దాటాక, దక్షిణాన నేల మెల్లగా లేచి, అడవి కప్పిన ఎత్తుగా మారుతుంది. అదే టర్టిల్ మౌంటెన్. కొండ సగం కెనడాలో, సగం అమెరికాలోని నార్త్ డకోటాలో ఉంది. దానికి ఉత్తరపు పాదం దగ్గర హదమాని అనే నాయకుడి వెంట ఒక డకోటా గుంపు 1862 తర్వాత నుంచీ ఉంటూ వచ్చింది. ఓక్ లేక్‌కు, ఓక్ రివర్‌కు వెళ్ళిపొమ్మని అధికారులు ఎంత చెప్పినా ఆయన కదల్లేదు. ఈ కొండ మాది అన్నాడు. చివరికి 1886లో ఒక్క చదరపు మైలు కొలిచి, 60వ నంబరు రిజర్వు అన్నారు.

ఒక్క చదరపు మైలు కూడా అధికారులకు కంటగింపైంది. సరిహద్దు పక్కనే ఉండడం వాళ్ళకు నచ్చలేదు. బంధువులు ఇటూ అటూ రాకపోకలు సాగించడం ఇష్టం లేదు, మద్యం దొరుకుతుందన్నారు, అదుపు కష్టమన్నారు. ఏళ్ళ తరబడి ఒత్తిడి పెట్టి 1909లో ఓటు పెట్టించారు. హదమాని చివరి వరకు ఒప్పుకోలేదు. నేల అప్పగించినట్లు కాగితం తయారైంది, రిజర్వు రద్దయింది, భూమిని అమ్మేశారు.

ఆ అప్పగింత చెల్లదని చనూపవక్పవాళ్ళు దావా వేశారు. 2003లో ఇండియన్ క్లెయిమ్స్ కమిషన్ అది చట్టరీత్యా చెల్లుతుందనే తేల్చింది. అయితే అక్కడున్న సమాధి స్థలాలను ప్రభుత్వం డకోటాలతో కలిసి కాపాడాలని సిఫారసు చేసింది. సమాధులు ఎవరివో అంగీకరించి, సమాధుల కింది నేల ఎవరిదో అంగీకరించకపోవడం నాకు మింగుడుపడదు. 2024 క్షమాపణ తర్వాత ఈ చదరపు మైలు లెక్క మళ్ళీ తెరవాలి. ఎకరాల్లో తేలని క్షమాపణను డకోటాలు ఎంతకాలం వినాలి?

రోడ్డు పక్కన కారు ఆపి నిలబడ్డాం. నాన్న చేతులు వెనక్కి కట్టుకుని కొండ వైపు చూస్తూ, "రేపు తిరిగి ఇస్తామంటే ఎవరి పేరున రాస్తారు? హదమాని వారసులు ఎవరు?" అని అడిగారు.

1909 తర్వాత కొన్ని కుటుంబాలు చనూపవక్పకు వెళ్ళాయి, కొన్ని సూ వ్యాలీకి వెళ్ళాయి, కొన్ని సరిహద్దు దాటి దక్షిణానికి వెళ్ళాయి. అదే చెప్పాను.

"అయితే మూడు చోట్లా పిలిచి, అందరి పేర్లూ రాయాలి" అన్నారు నాన్న. "ఉమ్మడి పట్టా. కష్టమేం కాదు."